ఫిరంగి లేని ట్యాంకు

వ్యాన్‌లో కాంట్రాక్టరు పక్క సీటు మేస్త్రిది. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు గానీ, సీటు మధ్యలో పడ్డ గుంట చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అంత లోతున గుంట పెట్టగల శరీరం ఆ వైరింగు జట్టులో ఇంకొకటి లేదు. అలాంటిది మంగళవారం సాయంత్రం పని దిగాక కాంట్రాక్టరు ముందు తలుపు తీసి పట్టుకుని, "బల్లీ, నువ్విలా ముందుకి రారా. మేస్త్రీ, నువ్వు వెనక సర్దుకో," అన్నాడు.

మేస్త్రి సర్దుకున్నాడు. వెనక సర్దుకోవడానికి నిచ్చెన ఉంది, కేబుల్ చుట్టలు ఉన్నాయి, డ్రిల్లు పెట్టె ఉంది. సీటు మాత్రం లేదు. పొట్ట చేతపట్టుకుని బతికేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు గానీ, వ్యాను గతుకులో పడ్డప్పుడల్లా తన పొట్టని నిజంగానే రెండు చేతులా పట్టుకుని, కేబుల్ చుట్ట మీద ఎగిరెగిరి పడుతూ ఇంటికి చేరినవాడు ఆ సాయంత్రం మేస్త్రి ఒక్కడే. ముందు సీట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ గుంటలో బల్లి ఒక మూలకి జారిపోయి ఉంటాడు. జారిపోనీ. వాడితో ఆ గుంట నిండాలంటే ఇంకో ముగ్గురు బల్లులు కావాలి.

బల్లి పరాయివాడేం కాదు. మేస్త్రి మరదలి మొగుడు, అంటే తోడల్లుడు. పేరులో తోడు ఉంది, పనిలో తోడు ఉంది, ఇళ్ళు కూడా ఒకే గోడకి అటొకటి ఇటొకటి. మేస్త్రికి ఒంటరిగా ఉండే అవకాశం ఎటు చూసినా లేదు. అయితే వైరు పనిలో కొంత వైరం తప్పదు మరి. పని నేర్పింది మేస్త్రి, వైరు కోసే ప్లాస్ పట్టుకోవడం నేర్పింది మేస్త్రి, చివరికి ఆ రోజు పేరు తెచ్చుకుంది మాత్రం బల్లి.

జరిగింది ఇది. కాలేజీ పాత భవనంలో ఆరు హాళ్ళకి కొత్త వైరింగు. పైన టేకు పలకల సీలింగు. ఒక్క మేకు ఊడదీసినా ఊరుకోమని కాలేజీ వాళ్ళు ముందే చెప్పారు. పలకలకీ స్లాబుకీ మధ్య మూరెడు ఎత్తు అటక. హాలుకి ఈ చివర, మనిషి తల దూరేంత చదరపు మూత. ఆ చివర గోడలో, పిడికిలి పట్టేంత కన్నం. మూత దగ్గర్నుంచి కన్నం దాకా యాభై అడుగులు. ఆ యాభై అడుగులూ దారం వెళ్ళాలి, దారం వెనక కేబుల్ వెళ్ళాలి. మేస్త్రి వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి తోశాడు, సగంలో విరిగాయి. స్ప్రింగు తీగ దూర్చాడు, అది చుట్టలు చుట్టుకుని తిరిగి అతని మొహం మీదికే వచ్చింది. ఆఖరికి తనే ఎక్కాడు. తల దూరింది, భుజాలు ఏటవాలుగా దూరాయి, ఆ తర్వాత మేస్త్రిలో మిగిలిన భాగం దూరలేదు. టేకు పలక కిర్రుమంది.

"దిగు! దిగు!" కాంట్రాక్టరు కింద నుంచి అరిచాడు. "అటక ఎక్కమంటే కాలేజీని కిందికి దించేట్టున్నావే!"

అప్పుడు బల్లి చొక్కా విప్పి, దారం నడుముకి కట్టుకుని, నిచ్చెన మీంచి అలా పైకి జారాడు. పైన బోర్లా పడుకుని, పలకల మీద రెండు వేళ్ళ ఎత్తున అడ్డంగా కొట్టిన పట్టీలు ఒక్కొక్కటే దాటుకుంటూ, పావుగంటలో ఆ చివర కన్నంలోంచి దారం కొస బయటికి అందించాడు. తిరిగి వచ్చి దిగేసరికి మనిషి మొత్తం బూడిదలో పొర్లినట్టున్నాడు. దగ్గుతున్నాడు. కాంట్రాక్టరు తన మెడలో తువ్వాలు తీసి వాడి మొహం తుడిచాడు. తన సొంత తువ్వాలు! ఆ తువ్వాలుని ఎవరూ ముట్టుకోకూడదని మేస్త్రికి తెలుసు. ఒకసారి ముట్టుకుని చివాట్లు తిన్నది కూడా అతనే.

"నువ్వు పైకొస్తావురా!" అన్నాడు కాంట్రాక్టరు.

"ఇప్పుడే పైనుంచి వచ్చాడుగా," అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు.

*

బుధవారం రెండో హాలు కూడా అలాగే అయింది. బల్లి ఎక్కాడు, పాకాడు, దగ్గాడు, దిగాడు. మేస్త్రి కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. నిచ్చెన పట్టుకునేవాడు పైకి చూడాలి. పైకి చూసేవాడికి ఎక్కేవాడి అరికాళ్ళు తప్ప ఏమీ కనబడవు. మేస్త్రి ఆ అరికాళ్ళని చాలాసేపు చూశాడు. అవి కూడా తన అరికాళ్ళ కంటే బాగున్నట్టే తోచింది.

ముందు రోజు ఇంట్లో భార్య అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మా చెల్లెలి మొగుడు ఇరగదీశాడటగా?"

"విరగదీయకుండా వచ్చాడు, దానికే ఇంత సంబరం. నేను వెళ్ళుంటే విరిగేది."

"నువ్వు వెళ్ళావటగా?"

మేస్త్రి కంచం ముందుకి లాక్కున్నాడు. గోడకి అవతల మరదలు పకపకా నవ్వుతోంది. ఆ గోడ ఇటుకకి ఇటుక నిలబెట్టి కట్టింది. దానికి నవ్వుని ఆపే ఓపిక లేదు.

రెండో హాలు అయ్యాక టీ కోసం రోడ్డు దాటాడు. టీ కొట్టు పక్కనే బొమ్మల దుకాణం. అద్దం వెనక ఆకుపచ్చ బొమ్మ ట్యాంకు ఒకటి, పిల్లలు రాసుకునే పలకల పెట్టె ఎక్కి, దిగి, ఇంకో పెట్టె ఎక్కి, దిగి, ఎవరినీ ఏమీ అనకుండా తన పని తను చేసుకుపోతోంది. మేస్త్రి గ్లాసు నోటిదాకా ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. పలకల పెట్టె రెండు వేళ్ళ ఎత్తుంది. అటకలో పట్టీ కూడా రెండు వేళ్ళ ఎత్తే.

టీ అక్కడే వదిలేసి లోపలికి నడిచాడు.

దుకాణం ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "అబ్బాయికా, అమ్మాయికా?"

"జట్టుకమ్మా."

"వయసెంత?"

"నలభై ఎనిమిది."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఆడుకోవడానికేనా?"

"అవతలివాడి ఆట కట్టించడానికి," అన్నాడు మేస్త్రి. "ఆ తిరిగేది చూపించండి."

తిరిగేది దుకాణంలో అన్నిటికంటే పెద్దది. ఇనప గొలుసు, లోపల ఛార్జింగు బ్యాటరీ. గొట్టంలోంచి పొగ వస్తుంది, ఫిరంగి ధన్‌మంటుంది, ధన్‌మన్నప్పుడల్లా ఒళ్ళు వెనక్కి జంకుతుంది. ధర విన్నాక మేస్త్రి ఒళ్ళు కూడా అలాగే జంకింది. ఐదు రోజుల కూలి! యుద్ధాలు ఊరికే రావని అతనికి ఆ క్షణాన బోధపడింది.

"పొగ లేకుండా ఉందా? పొగ నాకు ఇంట్లో సరిపోతోంది."

ఆవిడ అన్నిటికంటే చిన్నది తీసింది. ధర బాగుంది. మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటుగా, ముందు తిరగేసి చూశాడు. స్విచ్చు బోర్డు అయినా మిక్సీ అయినా అతను ముందు అడుగు చూసే మనిషి. గొలుసు కదలదు. అది పోత పోసిన ప్లాస్టిక్ బొమ్మ గొలుసు. దాని కింద దొంగచాటుగా నాలుగు చిన్న చక్రాలున్నాయి.

"ఇది ట్యాంకు వేషం కట్టిన కారమ్మా."

"పిల్లలెవరూ తిరగేసి చూడరు బాబూ."

"నేను చూస్తాను." అరలోంచి రెండు పెన్సిలు పెట్టెలు తీసుకుని గల్లా బల్ల మీద అడ్డంగా పెట్టి దాన్ని వదిలాడు. వేషగాడు మొదటి పెట్టెకి ముక్కు ఆనించి గిర్రున చక్రాలు తిప్పాడు తప్ప ఎక్కలేదు. మేస్త్రికి మంగళవారం మూతలో ఇరుక్కున్న తన భుజాలు గుర్తొచ్చి, ఆ బొమ్మ మీద కాస్త జాలి కూడా కలిగింది.

మూడోది నడిమి రకం. నిజంగా తిరిగే రబ్బరు బెల్టు. పెన్సిలు పెట్టెలు ఎక్కింది, దిగింది. ధర మాత్రం ఎక్కిందే గానీ దిగనంది.

"ఇదే, కొంచెం తగ్గేది ఇంకేమీ లేదా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, బల్ల కింద నుంచి అట్టపెట్టె లేనిది ఒకటి తీసింది. అదే రకం. ఫిరంగి మాత్రం మొదలుకంటా విరిగిపోయి, గొట్టం ఉండాల్సిన చోట చిన్న బొడిపె మిగిలింది. "ఎవరో తిరిగి ఇచ్చేశారు. ఫిరంగి లేని ట్యాంకుని పిల్లలు ముట్టుకోరు. సగం ధరకి ఇచ్చేస్తాను."

మేస్త్రి జేబులోంచి నైలాన్ దారం తీశాడు. ఒక కొస ట్యాంకు వెనక కొక్కేనికి కట్టాడు, రెండో కొస చదరంగం పెట్టెకి. రిమోటు నొక్కాడు. ట్యాంకు ఒక్క క్షణం ముక్కి, రాజునీ మంత్రినీ సైన్యాన్నీ పెట్టెతో సహా గల్లా బల్ల అంచుదాకా ఈడ్చుకుపోయింది. తర్వాత, చెక్క అడ్డం ఉంటే సిగ్నల్ అందుతుందో లేదో చూడాలని, ట్యాంకుని నేల మీద పెట్టి, తను వీధిలోకి వెళ్ళి, తలుపు మూయించి నొక్కాడు. లోపల నుంచి "అమ్మో, నా కాలు!" అని వినిపించింది. అందుతోంది.

"ఇది ఒక్క దెబ్బ కూడా పేల్చదు మరి, తర్వాత నన్ననకండి," అంది ఆవిడ కాలు రుద్దుకుంటూ.

"పేల్చేది నేనులెండి."

ఇంటికి తెచ్చి, గుమ్మంలోనే, "ట్యాంకు కొన్నాను," అన్నాడు.

"ఎన్ని లీటర్లు?" అంది భార్య లోపల నుంచి. "పైకి ఎవరెక్కిస్తారు? మా చెల్లెలి మొగుణ్ణి పిలవనా?"

*

గురువారం మూడో హాలులో బల్లి వచ్చీ రాగానే చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"పెట్టుకో," అన్నాడు మేస్త్రి.

"ఏమన్నయ్యా?"

"గుండీలు. ఇవాళ నీతో పనిలేదు."

సంచిలోంచి ట్యాంకు తీసి, ఫిరంగి బొడిపెకి చిన్న టార్చిలైటుని ఇన్సులేషన్ టేపుతో చుట్టాడు. వెనక దారం కట్టాడు. కాంట్రాక్టరు ట్యాంకునీ చూశాడు, మేస్త్రినీ చూశాడు, ఈ రెంటిలో దేనికి మరమ్మతు కావాలో తేల్చుకోలేక ఊరుకున్నాడు. మేస్త్రి నిచ్చెన ఎక్కి, తలా చేతులూ మాత్రం మూతలోకి దూర్చాడు. ఆ మేరకి అతనికి ఇబ్బంది లేదు. ట్యాంకుని పలక మీద దించి నొక్కాడు.

వెలుగు కదిలింది. మొదటి పట్టీ దగ్గర ముక్కు పైకెత్తి, టార్చి స్లాబు మీదికి తిప్పి, ఒక ఊపుతో అవతలికి పడింది. రెండోది. మూడోది. ఆరో పట్టీ దగ్గర పక్కకి తిరిగిపోతే వెనక్కి లాగి, వంపు సరిచేసి మళ్ళీ తోశాడు. బొటనవేలు చెమటకి జారుతోంది. దారం ఉండ అతని మోచేతి దగ్గర మెల్లగా, పాము విప్పుకున్నట్టు విప్పుకుంటోంది. పన్నెండో పట్టీ దాటాక వెలుగు బాగా చిన్నదైంది.

"వచ్చింది! వెలుగొచ్చింది!" హాలు ఆ చివర నుంచి కాంట్రాక్టరు కేక. అతను కన్నంలోకి తీగ కొక్కెం దూర్చి దారాన్ని అందుకున్నాడు. "మేస్త్రీ, ఏడు నిమిషాలయ్యా! దుమ్ము లేదు, దగ్గు లేదు!"

హాలు మారుమోగేలా చప్పట్లు కొట్టింది బల్లి. "నీ బుర్రే బుర్ర అన్నయ్యా! నేనెన్ని జన్మలెత్తినా ఇది తట్టేది కాదు."

మేస్త్రి ఆ మాటని నాలుగువైపులా తిప్పి చూశాడు. ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉంటుందేమోనని వెతికాడు. లేదు. వాడు నిజంగానే సంతోషిస్తున్నాడు. అదీ మేస్త్రికి నచ్చలేదు. ఓడినవాడు కొంచెమైనా మొహం మాడ్చుకోకపోతే గెలిచినవాడికి ఏం మిగులుతుంది?

సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కాంట్రాక్టరు, వాతావరణం గురించి చెప్పినట్టుగా చెప్పాడు. "బల్లీ, రేపట్నుంచి రానక్కర్లేదురా. కింద పనికి మేమిద్దరం చాలు. ఏదన్నా ఉంటే కబురు చేస్తాలే."

కుళాయి ధారలో బల్లి చేతులు ఒక్కసారి ఆగాయి. ఆ రోజు వాడి చేతులకి అసలు దుమ్మే లేదు. "అలాగేనండి," అన్నాడు. తర్వాత వెళ్ళి రోజూ లాగే నిచ్చెనని వ్యాన్‌లోకి ఎక్కించి, తాడుతో రెండు ముళ్ళు వేసి, వెనక కేబుల్ చుట్ట మీద కూర్చున్నాడు.

మేస్త్రి ముందు కూర్చున్నాడు. సీటు గుంట తన కొలతకి తగ్గట్టుగానే ఉంది. దారి పొడుగునా ఏదో ఒక జోకు వేద్దామని చూశాడు. 'బల్లి' మీద తట్టింది, 'గోడ' మీద తట్టింది, నోటిదాకా వచ్చిన ప్రతిదీ వెనక కూర్చున్నవాడికి వినిపిస్తుందని గుర్తొచ్చి లోపలికే పోయింది.

*

శుక్రవారం నాలుగో హాలులో మేస్త్రి నిచ్చెన మీద ఒక మెట్టు ఎక్కాడో లేదో, కాంట్రాక్టరు చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు, నేను చూస్తా."

"అలవాటుండాలండీ. పట్టీల దగ్గర కొంచెం..."

"ఇవ్వవయ్యా."

మేస్త్రి నిచ్చెన పట్టుకున్నాడు. పైన కాంట్రాక్టరు ఎనిమిదేళ్ళ పిల్లాడిలా "ఎక్కు! ఎక్కు! శెభాష్!" అని కేకలు పెడుతూ నడిపాడు. పక్కకి తిప్పాడు, వెనక్కి లాగాడు, అవసరం లేకపోయినా ఒకచోట గుండ్రంగా కూడా తిప్పాడు. ఎనిమిది నిమిషాల్లో అవతల చేర్చి, చెమట తుడుచుకుంటూ దిగాడు.

"ఇందులో ఏముందోయ్! మా ఇంట్లో వంటావిడ కూడా నడుపుతుంది. కూరలో ఉప్పు వెయ్యడం దీనికంటే కష్టం."

మేస్త్రి తువ్వాలు కోసం చూశాడు. అది కాంట్రాక్టరు మెడ చుట్టూనే ఉంది.

సాయంత్రం ఇంటి వెనక వాకిట్లో మరదలు బల్లి చొక్కాలు ఉతుకుతోంది. రెండు ఇళ్ళకీ కలిపి ఒకటే బండ. మేస్త్రి కాళ్ళు కడుక్కోవడానికి వచ్చి, ఆమెని చూసి వెనక్కి తిరగబోయాడు.

"బావా, ఆగు. పారిపోతావేం? నీకో దణ్ణం పెట్టాలి."

"నాకా? ఎందుకు?"

"ఆ బొమ్మ ఈయన కోసమే కొన్నావటగా, నీ డబ్బుతో!" చొక్కా పిండుతూ అంది. "రెండు రోజులు అటకలో పాకేసరికి ఒకటే దగ్గు. ఈయనే చెప్పాడు. అన్నయ్య చూసి తట్టుకోలేక దుకాణానికి పరిగెత్తాడు, తనకి ఇంకోచోట దుమ్ము లేని పని కూడా ఇప్పించాడు అని. పొద్దున్నే బాక్సు కట్టించుకుని కొత్తచోటికి వెళ్ళొచ్చాడు. నువ్వేమో పైకి ఏమీ తెలియనట్టే ఉంటావు. దొంగవి బావా నువ్వు!"

మేస్త్రి తల వంచుకుని, చెంబెడు నీళ్ళు కాళ్ళ మీద కాక పక్కన నేల మీద పోశాడు. మరదలు దాన్ని వినయమనుకుంది.

"సిగ్గు కూడానా!" అని నవ్వి, చొక్కా దులిపింది. నీటి తుంపర వచ్చి మేస్త్రి మొహం మీద పడింది.

ఇంట్లోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. తనే చెప్పి ఉండొచ్చుగా వాడు, అన్నయ్య వల్ల పని పోయిందని. చెప్పి ఉంటే ఎంత హాయిగా ఉండేది! గోడకి అటునుంచి తిట్లు, ఇటునుంచి తిట్లు, మధ్యలో న్యాయం. వాడు అలా చెయ్యడు. వాడు తన దరిద్రాన్ని తీసుకెళ్ళి తన భార్య ముందు మేస్త్రి మంచితనంగా ముస్తాబు చేస్తాడు. మేస్త్రి నలభై ఎనిమిదేళ్ళుగా సంపాదించని మంచిపేరుని వాడు ఒక్క సాయంత్రంలో సంపాదించి, తిరిగి మేస్త్రికే దానం చేశాడు. దానమంటే ఎవరికి పుణ్యం? ఇచ్చినవాడికే కదా! కడుపు భగ్గుమంది. భార్య మజ్జిగ ఇవ్వబోతే వద్దన్నాడు. ఆ మంట మజ్జిగకి లొంగేది కాదు.

*

శనివారం పొద్దున వ్యాను పెద్ద కూడలి తిరుగుతుంటే, బస్‌స్టాపులో బెంచీ మీద బల్లి కనిపించాడు. ఒళ్ళో టిఫిను బాక్సు. కొత్త పనిచోటు అదేనన్నమాట. పైన నీడ ఉంది, కింద సిమెంటు ఉంది, దుమ్ము నిజంగానే లేదు. బస్సులు వచ్చి ఆగుతున్నాయి, పోతున్నాయి. వాడు ఏదీ ఎక్కడం లేదు. వ్యాన్‌ని చూసి, ముందు సీట్లో మేస్త్రిని చూసి, చెయ్యి పైకెత్తి నవ్వాడు. కాంట్రాక్టరు అద్దంలో వెనక లారీని చూసుకుంటున్నాడు. మేస్త్రి చెయ్యి ఎత్తబోయి, ఎందుకో తల గోక్కున్నాడు.

ఐదో హాలులో కాంట్రాక్టరుకి ఫోను వచ్చింది. "నువ్వే నడుపు ఇవాళ. నేను అవతల కన్నం దగ్గరుంటా," అని మాట్లాడుకుంటూ వెళ్ళాడు.

మేస్త్రి ట్యాంకుని వదిలాడు. ఎంతో బుద్ధిగా వెళ్ళింది. ఎనిమిది పట్టీలు దాటాక వేలు తీశాడు. వెలుగు అక్కడే ఆగింది. పలకల మీద మందంగా పేరుకున్న దుమ్ములో రెండు బెల్టుల గుర్తులూ నీటుగా, జంటగా, ఎవరి ఊపిరితోనూ పనిలేకుండా సాగిపోయి ఉన్నాయి. మేస్త్రి కాసేపు వాటినే చూశాడు. కొంచెం దుమ్ము ముక్కులోకి పోయి తుమ్మాడు.

తర్వాత రిమోటు వెనక మూతని గోరుతో తీశాడు. రెండు బ్యాటరీల్లో ఒకదాన్ని తలకిందులు చేసి మళ్ళీ మూత పెట్టాడు.

"ఏమయ్యా, వెలుగు కదలదే?" కాంట్రాక్టరు అటునుంచి కేకేశాడు.

"ఆగిపోయిందండీ."

"కొత్త బ్యాటరీలు వెయ్యి."

"పొద్దున్నే వేశాను."

కాంట్రాక్టరు గబగబా వచ్చి రిమోటు లాక్కుని, మేస్త్రిని దింపి తను నిచ్చెన ఎక్కాడు. నొక్కాడు. ఊపి నొక్కాడు. అరచేతిలో కొట్టి నొక్కాడు. అతని బొటనవేలు వెనక మూత మీదికి వెళ్ళినప్పుడల్లా మేస్త్రి కింద నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. దారం పట్టుకుని లాగబోతే, "లాగకండి! పట్టీకి తగులుకుని దారం తెగితే రెండూ పోతాయి," అన్నాడు మేస్త్రి కంగారుగా. ఆ ఒక్కటీ నిజం.

"సగం ధర సరుకు సగం దూరమే వెళ్తుంది. నాకు ముందే అనుమానం!" కాంట్రాక్టరు దిగాడు. ఆ అనుమానం అతనికి ముందు ఎప్పుడొచ్చిందో మేస్త్రి అడగలేదు. "వాడికి ఫోను చెయ్. ఎక్కడున్నాడో ఏమో."

ఎక్కడున్నాడో మేస్త్రికి తెలుసు. పది నిమిషాల్లో వచ్చేశాడు బల్లి, చంకలో టిఫిను బాక్సుతో. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చొక్కా విప్పి మేస్త్రి చేతికిచ్చి, కట్టరు మొలలో దోపుకుని, రెండో దారం నడుముకి కట్టుకుని పైకి జారాడు.

పైన పలకల మీద మోచేతుల చప్పుడు మెల్లగా దూరమైంది. వాడి చొక్కా పట్టుకుని మేస్త్రి లెక్క కట్టుకుంటున్నాడు: ఆరో పట్టీ, ఏడు, ఎనిమిది. చప్పుడు ఆగింది. ఇప్పుడు ట్యాంకు వాడి ముక్కు ముందు ఉంటుంది. టార్చి వెలుగుతూనే ఉంటుంది. బెల్టు బాగుంది, దారం బాగుంది, దేనికీ తగులుకోలేదు. వైరింగు తెలిసిన ఏ వెధవకైనా చూడగానే తెలిసిపోతుంది, పాడైంది అక్కడ కాదని. కింద రిమోటు కాంట్రాక్టరు చేతిలోనే ఉంది. "ఇది బాగానే ఉందండీ, రిమోటు చూడండి" అని పైనుంచి ఒక్క కేక చాలు. నిజాయితీపరుడు వెధవ! కేకేసినా వేస్తాడు.

కేక వినబడలేదు. దగ్గు వినబడింది. మళ్ళీ మోచేతుల చప్పుడు మొదలై కన్నం దాకా వెళ్ళింది. దారం కొస బయటికి వచ్చింది. కాంట్రాక్టరు కేబుల్ కట్టి లాగించాడు. పావుగంట తర్వాత మూతలోంచి ముందు ట్యాంకు వచ్చింది, తర్వాత బూడిదరంగు బల్లి వచ్చాడు.

"బెల్టు తెగిపోయిందండీ," అన్నాడు కాంట్రాక్టరుతో. రబ్బరు ముక్క వేలికి వేలాడుతోంది. "పాత సరుకు. రబ్బరు ఎండిపోయింది. ఇంక ఇది దేనికీ పనికిరాదు."

"బెల్టు తెగితే రిమోటు నొక్కినప్పుడు చప్పుడైనా రావాలిగా?"

"బెల్టు చుట్టుకుపోయి మోటారు కాలిపోయిందండీ. వాసన చూడండి."

కాంట్రాక్టరు ట్యాంకుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఏం వాసన వచ్చిందో గానీ తలాడించాడు. రిమోటునీ ట్యాంకునీ కలిపి చెత్తబుట్టలో పడేశాడు. "సోమవారం వచ్చెయ్‌రా. ఆరో హాలు ఉంది, ఆ తర్వాత మేడ మీద ఇంకో నాలుగు కూడా మనకే ఇస్తున్నారు." మెడలో తువ్వాలు తీసి వాడికిచ్చి, మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి నడిచాడు.

మేస్త్రి చెయ్యి చాపి రబ్బరు ముక్క తీసుకున్నాడు. ఎండి తెగిన రబ్బరు అంచు పీచుపీచుగా ఉంటుంది. ఇది ఏటవాలుగా, నున్నగా తెగింది. వైరు తొక్క తీసే కట్టరు ఎలా కోస్తుందో, ఆ కట్టరుని అలా ఏటవాలుగా పట్టుకోవడం ఎవరు ఎవరికి నేర్పారో మేస్త్రికి తెలుసు.

తలెత్తి చూశాడు. బల్లి తువ్వాల్లో మొహం పెట్టుకుని తుడుచుకుంటున్నాడు. తువ్వాలు తీశాక వాడి మొహంలో ఏమీ లేదు, కళ్ళ చుట్టూ దుమ్ము తప్ప.

రాత్రంతా దొర్లి దొర్లి, పొద్దుటి నుంచి మథనపడి, చివరికి తను చేసింది ఏమిటి? ఒక బ్యాటరీ తిప్పి పెట్టడం. ఎవరైనా మూత తీస్తే బయటపడిపోయే పని. వీడు చీకట్లో, బోర్లా పడుకుని, ఊపిరాడకుండా, ఎవరూ ఏమీ చెప్పకుండానే, అర నిమిషంలో అంతా గ్రహించి, బెల్టు కోసి, మాటలతోనే మోటారు కాల్చి, లేని వాసన కూడా పుట్టించాడు. అతుకు కనబడని పని. అబద్ధం కూడా వీడే బాగా ఆడాడు!

మేస్త్రికి కడుపులో మళ్ళీ, కొత్తగా రాజుకుంది.

"చూస్తావేం?" అన్నాడు కసురుతూ, చొక్కా వాడి మీదికి విసిరి. "తొడుక్కుని, నిచ్చెన అటు చివర పట్టుకో."